గట్టి నొప్పి మాత్రలతో కడుపులో తిప్పడం, కళ్లు తిరగడం: ఇంట్లో ఎలా సంభాళించుకోవాలి

మోకాలి మార్పిడి అయి తిరుపతి బర్డ్ ఎముకల ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్లు, తుంటి విరిగి మంచం పట్టిన పెద్దవాళ్లు, క్యాన్సర్ నొప్పికి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో వెల్లూరు సీఎంసీలోనో చూపించుకుంటున్నవాళ్లు తెచ్చుకునే మందుల చీటీలో చాలాసార్లు ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్, మార్ఫిన్ లాంటి పేరు ఒకటి కనిపిస్తుంది. ఇవన్నీ ఓపియాయిడ్ జాతి మందులు. మామూలు నొప్పి మాత్రలు ఆపలేని నొప్పిని ఇవి ఆపుతాయి. కానీ మొదటి రోజో రెండో రోజో రోగి ముఖం తెల్లబడుతుంది. నోట్లో నీళ్లూరతాయి, అన్నం వాసనకే డోకొస్తుంది, లేచి నిలబడితే గోడ పట్టుకోవాల్సి వస్తుంది. మూడో రోజు ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేస్తారు. నొప్పి మళ్లీ మొదలవుతుంది, ఫిజియోథెరపీ ఆగిపోతుంది, ఇంట్లో అందరికీ టెన్షన్.

ఈ వికారం చాలామందికి కొద్ది రోజుల్లో, మహా అయితే వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. మోతాదు పెంచినప్పుడు మళ్లీ కొంచెం కనిపించి తగ్గుతుంది. ఆ వారం పది రోజులు నెట్టుకురావడానికి ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. మా అత్తకు తుంటి ఆపరేషన్ తర్వాత మేం పాటించినవీ, డాక్టర్లు, నర్సులు చెప్పగా తెలుసుకున్నవీ ఇవి. మోతాదు మార్చడం, మందు మార్చడం మాత్రం మీ డాక్టర్ పని.

మొదట చీటీ, స్ట్రిప్పు పక్కపక్కన పెట్టి చూడండి

మాత్ర పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. ఉదాహరణకు అల్ట్రాసెట్ మాత్రలో ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు కలిసి ఉంటాయి. అది తెలియక ఒళ్లు వెచ్చగా ఉందని పైన డోలో 650 వేసేస్తుంటారు, అదీ పారాసిటమాలే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకు పారాసిటమాల్ మొత్తం 4 గ్రాములు దాటకూడదు. బక్కచిక్కినవాళ్లకు, లివర్ సమస్య ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ. లివర్ దెబ్బతిన్నా వాంతులే వస్తాయి కాబట్టి ఈ లెక్క ముందు సరిచూసుకోవాలి.

స్ట్రిప్పు మీద పేరు పక్కన ఎస్ఆర్ అని ఉంటే అది మెల్లగా కరిగే మాత్ర. మింగలేకపోతున్నారని దాన్ని పొడి చేసి తేనెలో నాకించడం ప్రమాదం. పన్నెండు గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. మింగడం కష్టమైతే డాక్టర్‌కు చెబితే వేరే రూపంలో రాస్తారు.

ఇంట్లో ఇప్పటికే నడుస్తున్న మాత్రలన్నీ ఒక కవర్‌లో వేసి డాక్టర్‌కు చూపించండి. బీపీ మాత్ర, ప్రోస్టేట్‌కు వేసుకునే టామ్సులోసిన్, ఒంట్లో నీరు తీసే మాత్ర, నరాలకని ఇచ్చే ప్రీగాబాలిన్, నిద్ర మాత్ర, చెప్పుకోవడానికి మొహమాటపడే డిప్రెషన్ మాత్ర, అన్నీ ఉండాలి. కళ్లు తిరగడంలో సగం వాటా చాలాసార్లు వీటిదే. ప్రీగాబాలిన్ ఒక్కటే వేసుకున్నా తల దిమ్ముగా ఉంటుంది, దానికి ట్రమడాల్ తోడైతే చెప్పక్కర్లేదు. డిప్రెషన్ మాత్రలు కొన్నింటితో ట్రమడాల్ కలిస్తే ఒళ్లు వణకడం, విపరీతమైన చెమటలు, కంగారు, ఫిట్స్ దాకా పోవచ్చు. మూర్ఛ జబ్బు ఉన్నవాళ్లు కూడా ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇది గ్యాస్ కాదు

మన దగ్గర కడుపులో ఏది జరిగినా గ్యాస్ అంటాం, లేదంటే పైత్యం అంటాం. వెంటనే గెలుసిలో, పాన్ 40నో వేసుకుంటాం. ఈ వికారానికి అవి పెద్దగా పనిచేయవు, ఎందుకంటే మందు పనిచేసే చోట్లు వేరు. ఒకటి, మెదడు కింది భాగంలో వాంతిని పుట్టించే కేంద్రాన్ని అది నేరుగా తట్టిలేపుతుంది. రెండు, చెవి లోపల ఒంటిని నిలకడగా ఉంచే భాగాన్ని అతిగా స్పందించేలా చేస్తుంది, అందుకే కదిలితే వికారం ఎక్కువ, పడుకుంటే తక్కువ. మూడు, కడుపును, పేగులను మందగింపజేస్తుంది. పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికీ కడుపులోనే ఉన్నట్టుంటుంది.

రోగికి ఏది ఎక్కువగా ఉందో గమనిస్తే సగం దారి దొరుకుతుంది. తల తిప్పితేనో, మంచం మీద పక్కకు తిరిగితేనో తిప్పుతోందా? రెండు ముద్దలకే కడుపు నిండి తేన్పులు వస్తున్నాయా? కదలకపోయినా, తినకపోయినా పొద్దస్తమానం వికారంగానే ఉందా? డాక్టర్ ఈ మూడింటికీ ఒకే వాంతి మాత్ర రాయరు. కడుపు మందగిస్తే మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్ రకాలు. కదిలితే వచ్చే తిప్పుడుకు వేరే రకం. ఎప్పుడూ ఉండే వికారానికి ఇంకో రకం. అందరికీ తెలిసిన ఒండాన్‌సెట్రాన్, అంటే ఎమెసెట్ లాంటివి, వాంతిని ఆపుతాయి గానీ మలబద్ధకం పెంచుతాయి. అసలే ఓపియాయిడ్ పేగులను కట్టేస్తుంటే ఇది దానికి తోడవుతుంది. పాన్-డి వాడుతున్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి: అందులో డోంపెరిడోన్ ఉంది. మళ్లీ విడిగా డోంపెరిడోన్ వేసుకుంటే డోసు రెట్టింపు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, అరవై దాటినవాళ్లకు అది మంచిది కాదు. షాపులో అడిగి వాంతి మాత్ర తెచ్చుకోవద్దనేది ఇందుకే.

ఆసుపత్రి నుంచి బయటికి రాకముందే అడగాల్సినవి

మొదటిసారి ఈ మందు రాస్తున్నప్పుడే, "సార్, వికారం వస్తే వేసుకోవడానికి ఏదైనా రాస్తారా? మోషన్ ఫ్రీగా కావడానికి కూడా?" అని అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటం వద్దు. తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే వికారం తక్కువగా ఉంటుంది. ఆ అవకాశం ఉందా అనీ అడగొచ్చు. గతంలో బస్సు ప్రయాణాల్లో వాంతులయ్యే ఒళ్లయినా, ఆపరేషన్ మత్తు తర్వాత బాగా వాంతులైన అనుభవం ఉన్నా తప్పకుండా చెప్పండి. అలాంటివాళ్లకు ఈ మాత్రలతో ఇబ్బంది ఎక్కువ. కిడ్నీ సమస్య ఉంటే మరీ ముఖ్యం, ఎందుకంటే మార్ఫిన్ కరిగి తయారయ్యే పదార్థాలు కిడ్నీ గుండానే బయటికి పోవాలి. పోకపోతే పేరుకుపోయి వికారం, మగత, ఒళ్లు ఉలిక్కిపడడం మొదలవుతాయి.

మాత్ర వేళ చుట్టూ రోజును అమర్చుకోండి

మార్ఫిన్ మామూలు మాత్ర సుమారు గంటలో, ట్రమడాల్ మామూలు మాత్ర సుమారు రెండు గంటల్లో రక్తంలో ఎక్కువ స్థాయికి చేరతాయి. వికారం, తూలడం కూడా దాదాపు అప్పుడే ఎక్కువ. అందుకే స్నానం, కసరత్తు, ఆటోలో చెకప్‌కు పోవడం లాంటివి ఆ సమయంలో పెట్టుకోకండి. మాత్ర వేసుకున్నాక తల కింద రెండు దిండ్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని కదలకుండా ఉంటే చాలామందికి డోకు రాదు. ఫోన్ చూస్తూ పడుకుంటే ఈ లాభం ఉండదు. కదిలే బొమ్మలు చూసినా తిప్పుతుంది.

డాక్టర్ వాంతి మాత్ర రాసి ఉంటే, వికారం ముదిరాక కాకుండా నొప్పి మాత్రకు అరగంట ముందు వేసుకోవచ్చా అని అడగండి. ముదిరాక వేసుకున్న మాత్ర వాంతిలోనే పోతుంది.

ఖాళీ కడుపుతో వద్దు, నిండు కడుపుతోనూ వద్దు. తిరుపతి, చిత్తూరు వైపు శనివారం ఒక్కపొద్దులు, పెరటాసి నెలలో అయితే అన్ని శనివారాలూ ఉపవాసాలు. మా అత్త కూడా మొదటి శనివారం పొద్దున నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మాత్ర మాత్రం టైముకు వేసుకుంది. మధ్యాహ్నం బకెట్ పక్కన పెట్టుకుని కూర్చుంది. "స్వామికి అన్నీ తెలుసు, నువ్వు రెండు ముద్దలు తిను అత్తా" అంటే వినలేదు. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి, "అవ్వా, మీరు లేచి నడిస్తేనే కదా కొండకు పోయేది" అంటే వినింది. ఇంట్లోవాళ్ల మాట కన్నా బయటివాళ్ల మాట వినడం మన పెద్దవాళ్ల అలవాటు, దాన్ని వాడుకోండి.

ఏం పెట్టాలి? ముద్ద సంగటి, పులుసు ఈ వారం పక్కన పెట్టండి. సంగటి బరువు, మందగించిన కడుపులో గంటల తరబడి కూర్చుంటుంది. అవే రాగులతో పల్చటి జావ కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపి గ్లాసు కన్నా తక్కువ, రెండు మూడు గంటలకోసారి ఇవ్వండి. పొద్దున కళ్లు తెరవగానే వికారంగా ఉండేవాళ్లకు మంచం పక్కనే పిడికెడు బొరుగులు పెట్టండి. ఒట్టివే, కారం, నూనె కలపనివి. నాలుగు గింజలు నమిలి, పదినిమిషాలాగి లేస్తే తేడా తెలుస్తుంది. ఇడ్లీ, పెరుగన్నం, మెత్తటి పెసరపప్పు అన్నం పనికొస్తాయి. వేపుళ్లు, మసాలా కూరలు, వేడి వేడి తాలింపులు వద్దు. వేడి తిండికి వాసన ఎక్కువ, చల్లారినదానికి తక్కువ. అందుకే గోరువెచ్చగా ఉన్నప్పుడు పెడితే ఇంకో రెండు ముద్దలు పోతాయి.

వాసన సంగతి చిన్నదని కొట్టిపారేయకండి. రోగి గది వంటింటికి ఆనుకుని ఉంటే తాలింపు వేసేటప్పుడు తలుపు మూయండి. సాంబ్రాణి పొగ, ఘాటైన అగరొత్తి, మంచం పక్కన మల్లెపూల దండ, పలకరించడానికి వచ్చినవాళ్ల సెంటు, ఏదైనా కావొచ్చు. మామిడి సీజన్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్లకు ఆ తీపి పులుపు వాసన మామూలుగా తెలియనే తెలియదు, ఈ మాత్రలు వేసుకున్నప్పుడు మాత్రం అది కూడా డోకు తెప్పించగలదు. కిటికీ మూసి ఫ్యాన్ వేయడం తప్ప దారి లేదు. నిమ్మకాయ చెక్క వాసన చూస్తే కొందరికి హాయిగా ఉంటుంది. అల్లం ముక్క మజ్జిగలో దంచి వేస్తే కొందరికి పనిచేస్తుంది, అయితే రక్తం పల్చబరిచే మాత్రలు వాడేవాళ్లు అల్లం కషాయాలు లోటాలకు లోటాలు తాగొద్దు.

నీళ్లు గుటక గుటకగా తాగాలి. ఎండాకాలంలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటే రోజుల్లో, అందులోనూ వాంతులవుతుంటే, ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసు నీళ్లలో కొంచెం పొడి అని అందాజాగా కలపొద్దు. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు రోజుకు ఎన్ని నీళ్లు తాగొచ్చో డాక్టర్ చెప్పిన లెక్క దాటకూడదు.

మంచం మీద నుంచి లేవడం నేర్చుకోవాలి

ఈ మాత్రలతో పెద్దవాళ్లకు వచ్చే అసలు ప్రమాదం పడిపోవడం. ఆపరేషన్ చేసిన తుంటి మీదే మళ్లీ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఓపియాయిడ్ రక్తనాళాలను కొంచెం వదులు చేస్తుంది. లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది, తలకు చాలినంత అందదు. కళ్లు చీకట్లు కమ్మడం అదే.

లేచే పద్ధతి ఇది. పడుకుని ఉండగానే పాదాలు పదిసార్లు కిందికీ పైకీ ఆడించాలి. పక్కకు తిరిగి, చేతుల బలంతో లేచి మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోవాలి. అక్కడ కనీసం రెండు నిమిషాలు. చెకింగ్‌కు ఒక ప్రశ్న అడగండి, "ఈ రోజు ఏ వారం?" అని. సరిగ్గా చెబితే, కళ్లు తిరగడం లేదంటే, మంచం పట్టుకుని నిలబడాలి. నిలబడ్డాక మళ్లీ ఒక నిమిషం అడుగు వేయకూడదు. తిరిగినట్టు అనిపిస్తే అక్కడే కూర్చోబెట్టండి. "కొంచెం దూరమే కదా, బాత్రూం దాకా పోదాం" అనుకునే ఆ నాలుగడుగుల్లోనే పడతారు.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పదినిమిషాలు కేటాయించండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూడండి. పై అంకె 20 కానీ, కింది అంకె 10 కానీ తగ్గితే ఆ కాగితం డాక్టర్‌కు పంపండి. బీపీ మాత్ర డోసు తగ్గించాల్సి రావొచ్చు. మీరే తగ్గించకండి.

బాత్రూం గురించి ఎక్కువే చెప్పాలి. కింద కూర్చునే దొడ్డి ఉన్న ఇళ్లలో, ముక్కి ముక్కి ఒక్కసారిగా పైకి లేవడం కళ్లు తిరగడానికి అన్నిటికన్నా పెద్ద కారణం. మందుల షాపుల్లో, సర్జికల్ షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీ ఒకటి కొనండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. తలుపు గొళ్లెం పెట్టొద్దని గట్టిగా చెప్పండి, సిగ్గయితే బయట తువ్వాలు వేలాడదీసి గుర్తు పెట్టుకోవచ్చు. రాత్రి మూత్రానికి లేచే మగవాళ్లు కూడా కూర్చునే పోయాలి. మంచం పక్కనే యూరిన్ డబ్బా ఉంటే ఇంకా మేలు. రాత్రంతా చిన్న లైటు వెలుగుతుండాలి. ఈ మందులతో మూత్రం కట్టేసినట్టు కావడం కూడా ఉంది. ఎనిమిది గంటలు గడిచినా రాకపోయినా, పొత్తికడుపు ఉబ్బినా ఆసుపత్రికి పోవాలి.

పొద్దున్నే వేడి వేడి నీళ్లతో తలంటు పోయడం ఈ వారం మానండి. వేడికి రక్తనాళాలు ఇంకా విచ్చుకుని బీపీ పడుతుంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి గోరువెచ్చటి నీళ్లతో పోయండి. ఒంటికి ఫెంటానిల్ పట్టీ, అంటే చర్మం గుండా ఓపియాయిడ్ మందు ఎక్కించే పట్టీ, అంటించి ఉంటే వేడి విషయంలో ఇంకా జాగ్రత్త. వేడి నీళ్ల కాపడం, హీటింగ్ ప్యాడ్, ఎండలో కూర్చోవడం, గట్టి జ్వరం, ఇవన్నీ పట్టీలోంచి మందు ఎక్కువగా లోపలికి లాగుతాయి. పట్టీ ఉన్నచోట నలుగు పెట్టి రుద్దడమూ వద్దు.

మోషన్ కాకపోతే వికారం పోదు

వికారం వారంలో తగ్గిపోతుంది, మలబద్ధకం మాత్రం మందు వాడినన్నాళ్లూ ఉంటుంది. ఒళ్లు దానికి అలవాటు పడదు. మూడు రోజులు మోషన్ కాకుండా కడుపు ఉబ్బరించి కూర్చుంటే ఎన్ని వాంతి మాత్రలు వేసినా డోకు ఆగదు. చాలా ఇళ్లలో వాంతి వాంతి అని పరిగెడుతుంటారు గానీ, కడుపు కదిలి ఎన్నాళ్లయిందని ఎవరూ అడగరు.

మొదటి రోజు నుంచే మోషన్ మాత్ర ఉండాలి. పేగును కదిలించే బిసాకోడిల్ అంటే డల్కోఫ్లెక్స్ రకాలు, సెన్నా, లేదా లాక్టులోజ్ టానిక్, డాక్టర్ ఏది రాస్తే అది. ఇసబ్‌గోల్ మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి. అది పేగులో ఉబ్బే పీచు, నీళ్లు చాలా తాగాలి. పేగు కదలని స్థితిలో, నీళ్లు తక్కువ తాగే మనిషికి అదే అడ్డు పడగలదు. కడుపు నొప్పి తీవ్రంగా ఉండి, గ్యాస్ కూడా పోకపోతే ఏ మోషన్ మాత్రా వేయకుండా నేరుగా ఆసుపత్రికి పోవాలి.

వాంతి అయిపోతే మాత్ర మళ్లీ వేయాలా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. సొంతంగా మళ్లీ వేయొద్దు. మాత్ర వేసుకున్న కొద్ది నిమిషాల్లోనే వాంతి అయి, అందులో మాత్ర చెక్కుచెదరకుండా కనిపిస్తే డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. అరగంట దాటిపోతే ఎంత లోపలికి పోయిందో చెప్పలేం. రెండు డోసులు కలిసే ప్రమాదం కన్నా ఒక పూట నొప్పి తక్కువ ప్రమాదం. వాంతి ఆగాక అరగంట ఏమీ పెట్టకండి. తర్వాత చెంచాతో నీళ్లు, అవి నిలిస్తే జావ.

షుగర్ ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక గొడవ ఉంది. తినకుండా, వాంతులవుతూ, షుగర్ మాత్ర మాత్రం మామూలుగా వేసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, దడ, కళ్లు తిరగడం, ఇవన్నీ నొప్పి మాత్ర ఖాతాలో వేసేస్తాం. మిషన్‌తో చూస్తే తెలుస్తుంది. 70 కన్నా తక్కువుంటే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలి. ఆ పూట షుగర్ మాత్ర సంగతి డాక్టర్‌ను అడగండి.

ఒక నోటుబుక్కు పెట్టండి

మా ఇంట్లో పాత డైరీలో ఒక పేజీ ఇలా ఉంది:

"6.00 మాత్ర, ఇడ్లీ ఒకటి. 7.10 తిప్పుతోంది, కళ్లు మూసుకుంది. 7.50 వాంతి, పసుపు నీళ్లు. 9.00 జావ అరగ్లాసు, నిలిచింది. బీపీ పడుకుని 130, నిలబడి 104. మోషన్ లేదు, మూడో రోజు."

ఈ ఐదారు ముక్కలతో డాక్టర్‌కు ఫోన్ చేయడం తేలిక. "సార్, అత్తకు బాగోలేదు" అంటే వాళ్లకేం అర్థమవుతుంది? "సార్, ట్రమడాల్ 50 మూడు పూటలా వాడుతున్నాం. వేసుకున్న గంటకు వికారం, నిలబడితే బీపీ 26 పడుతోంది, మూడు రోజులుగా మోషన్ లేదు" అని చెబితే జవాబు వెంటనే వస్తుంది. డోసు తగ్గించడం, వాంతి మాత్ర చేర్చడం, వేరే ఓపియాయిడ్‌కు మార్చడం, మాత్ర బదులు పట్టీ ఇవ్వడం, ఇన్ని దారులు వాళ్ల దగ్గర ఉన్నాయి. ఒకరికి అస్సలు పడని మందు ఇంకొకరికి చక్కగా పడుతుంది. ట్రమడాల్, కోడీన్‌లను మార్చుకునే తీరు ఒంటి ఒంటికీ పుట్టుకతోనే వేరు. అందుకని పక్కింటాయన మాత్రతో పోల్చుకోకండి, ఆయన దగ్గర మిగిలింది తెచ్చుకోకండి.

కొండకు ఎప్పుడు పోవచ్చు?

ఆపరేషన్ బాగా జరిగితే మొక్కు తీర్చుకోవాలని అందరికీ ఉంటుంది, తిరుపతిలో ఉండి ఆ మాట రాకుండా ఉండదు. మొదటి వారం మాత్రం వద్దు. చెవిలోని ఆ భాగం అతిగా స్పందిస్తున్న రోజుల్లో ఘాట్ రోడ్డు మలుపులు తట్టుకోవడం కష్టం, మాత్ర వేసుకోనివాళ్లకే కవర్లు అవసరమవుతాయి. పైన క్యూలో గంటల తరబడి నిలబడడం కళ్లు తిరగడానికి ఇంకో కారణం. వికారం తగ్గి, డాక్టర్ సరేనన్నాక పోయినా ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు చూస్తుండాలి. ఘాట్ రోడ్డుకని అవోమిన్ వేసుకునే అలవాటు చాలామందికి ఉంది. అది మత్తు పెంచే మాత్ర, ఓపియాయిడ్‌తో కలిస్తే మగత రెట్టింపవుతుంది. అడగకుండా వేసుకోవద్దు. చిత్తూరు నుంచి వెల్లూరుకు చెకప్‌కు పోయేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. బండి మాత్రం రోగి నడపకూడదు, స్కూటీ కూడా.

తాగుడు అలవాటున్నవాళ్లు ఈ మందు వాడినన్నాళ్లూ ఒక్క పెగ్గు కూడా తాగకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

ఇవి కనిపిస్తే ఆలోచించొద్దు

మగతగా ఉండడం వేరు, లేపినా లేవకపోవడం వేరు. గట్టిగా పిలిచి, భుజం తట్టినా కళ్లు తెరవకపోతే, గురక వింతగా గరగర అంటుంటే, పెదవులు నీలంగా మారితే, కంటిపాప గుండుసూది మొనంత చిన్నదైపోతే, ఊపిరి నిమిషానికి పదికన్నా తక్కువ ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి లెక్క పెట్టడం కష్టం కాదు. పొట్ట మీద కొంగు లేదా దుప్పటి పైకి లేచిన ప్రతిసారీ ఒకటి, గడియారం చూస్తూ నిండు నిమిషం. మామూలుగా 12 నుంచి 20 ఉంటుంది. మొదలుపెట్టిన తొలి రోజుల్లో, డోసు పెంచిన రాత్రి, ఒకసారి లేచి చూడండి. అంబులెన్స్ వచ్చేలోపు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నీళ్లు పోయకూడదు, పట్టీ ఉంటే పీకేయాలి. ఆసుపత్రిలో నాలోక్సోన్ అనే ఇంజెక్షన్ ఈ మందుకు విరుగుడు. అందుకే ఏ మాత్ర ఎప్పుడు వేశారో రాసిన నోటుబుక్కు, స్ట్రిప్పు వెంట తీసుకుపోండి.

వాంతిలో రక్తం లేదా కాఫీ పొడి లాంటిది కనిపించినా, రోజంతా గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా, ఫిట్స్ వచ్చినా, ముఖం వాచి ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా ఆగకండి. మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒక పక్క చేయి పడిపోవడం, వీటిని మాత్ర వల్ల కళ్లు తిరగడంగా కొట్టిపారేయకూడదు, అది పక్షవాతం కావొచ్చు.

మందు ఆపే రోజు

నాలుగైదు రోజులు వాడిన మాత్ర అయితే డాక్టర్ ఆపమన్న రోజు ఆపేయొచ్చు. వారాల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపితే మళ్లీ వికారం, నీళ్ల విరేచనాలు, చెమటలు, ముక్కు కారడం, ఆవలింతలు మీద ఆవలింతలు మొదలవుతాయి. అది చూసి జబ్బు తిరగబెట్టిందని భయపడతారు. డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం కొంచెం కొంచెంగా తగ్గించాలి. చివరి స్ట్రిప్పు అయిపోయేదాకా ఆగకుండా నాలుగు రోజులు ముందే చీటీ తెచ్చుకోండి. 2018 నుంచి ట్రమడాల్ మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది కాబట్టి చీటీ లేకుండా షాపువాళ్లు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

మిగిలిన మాత్రలు బీరువాలో తాళం వేసి పెట్టి, తర్వాతి చెకప్‌కు పోయినప్పుడు వాటిని ఏం చేయాలో అడగండి. వాడేసిన ఫెంటానిల్ పట్టీలో ఇంకా మందు ఉంటుంది. జిగురు వైపు లోపలికి పోయేలా మడిచి, పిల్లలకు, కుక్కలకు అందని చోట పారేయండి.